కూడలి ధర్మము: బెజవాడ స్టేషనుపేట

ఊరికి క్రొత్తవాడు వచ్చినచో “ఎవరింటికి?” అని యడుగుట మన పల్లెల మర్యాద. ఆ ప్రశ్నకు చోటులేని తావులు పట్టణములలో కొన్ని కలవు. రైలుస్టేషనుల చుట్టునుండు పేటలు అట్టివి. అచ్చట ప్రతిదినము వేలకొలది జనులు దిగుదురు, వేలకొలది ఎక్కుదురు. ఒకరికొకరు చుట్టములు కారు, చాలవరకు మరల కలిసికొనువారును కారు. అట్టి పేటలో కాపురమున్నవారికిని, దాని మీదుగా పోవువారికిని పరస్పర ధర్మ మెట్టిదో పూర్వులు మనకు చెప్పిపోలేదు. దానిని చరిత్రము చూచి నేర్చుకొనవలసియున్నది. ఆంధ్రదేశమున ఈ పాఠమునకు బెజవాడకంటె తగిన యుదాహరణము మాకు కానరాదు.

బెజవాడను రైలే కూడలిగా చేసినదని పలువురు తలంతురు. అంతకుముందే నీరు దానిని కూడలిగా చేసినది. 1852లో మొదలై 1855లో ముగిసిన కృష్ణ యానకట్ట ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నదిని నిలిపెను. అచ్చటినుండి బయలుదేరిన కాలువలు పైరులకు నీరిచ్చుటయేగాక పడవలకు దారియు నిచ్చినవి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసెను; నదికి దక్షిణమున కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలిసెను. కాకినాడనుండి చెన్నపట్టణమునకు ఈ నీటిదారిని పోవు పడవ బెజవాడయొద్ద కృష్ణను దాటవలసినదే. గట్టున మనుష్యులు త్రాడుపట్టి లాగుచుండగా ఆ పడవలు మెల్లగా సాగెడివి. ప్రయాణము నిదానమైనది గనుక తోడిప్రయాణికుని పేరు, ఊరు తెలిసికొనుటకు కావలసినంత తీరిక యుండెను.

ఆ తీరికను పొగబండి హరించెను. 1888లో బెజవాడ స్టేషను కట్టబడెను. 1889లో నిజాము రాజ్యపు రైలుదారి సికిందరాబాదునుండి ఇచ్చటికి చేరెను. 1899లో చెన్నపట్టణపు దారి కలిసెను. 1900లో రాజమహేంద్రవరమున గోదావరి వంతెన తెరవబడుటతో కలకత్తాకు తెంపులేని మార్గ మేర్పడెను. ఇట్లు పండ్రెండేండ్లలో నాలుగు దిక్కుల జనులును ఒక్క ప్లాటుఫారముపై దిగుట సంభవించెను. జిల్లా కచేరీలు మచిలీపట్టణముననే యుండగా జనప్రవాహము మాత్రము బెజవాడకు మరలెను. బెజవాడ ముఖ్యస్థానముగా వేరొక జిల్లా 2022లోగాని యేర్పడలేదు. ప్రజలు నడచిన బాటను పరిపాలన త్రొక్కుటకు నూరేండ్లకు మించి పట్టెను!

మూడవ తరగతి పెట్టెలో కూర్చుండుటకు టిక్కెట్టు చాలును, కులగోత్రములు చెప్పనక్కరలేదు. కాని బండి దిగినతోడనే పాతలోకము ఎదురుపడెడిది. నాడు మన దేశపు స్టేషనులలో హిందువుల నీళ్లకుండ వేరు, మహమ్మదీయుల నీళ్లకుండ వేరు. భోజనశాలలలో బ్రాహ్మణులకు ప్రత్యేకముగా గది. సత్రములలో పెక్కింటికి దాత కులమే ద్వారపాలకుడు. అంటరానివారని త్రోయబడిన మన సోదరుల కెచ్చటను చోటులేదు. రాత్రియంతయు ఒక్క బల్లపై భుజములు రాచికొని కూర్చుండినవారే తెల్లవారుసరికి ఒక్క చెంబునీటికి అన్యు లగుట యెంత వింత! రాజ్యాంగము 1950లో తన పదునైదవ యధికరణమున హోటళ్లకును, బావులకును, దారులకును ఈ భేదము కూడదని శాసించెను. శాసనము తలుపు తెరచెను. లోపలికి రమ్మని పిలువవలసిన పని ఇంటివారిది.

ఆ పిలుపు నెరిగినవారు మనలో లేకపోలేదు. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు మొట్టమొదట మహాసభగా కూడినది బెజవాడలోనే. అఖిలభారత కాంగ్రెసు సంఘము 1921 మార్చి కడపట సమావేశమై తిలకు స్వరాజ్యనిధికి కోటి రూప్యములు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు కావలెనని తీర్మానించినదియు ఇచ్చటనే. ఇట్టి సభలకు దూరదేశములవారు కూడుటకు రైలుకూడలి యెంత యనుకూలమో చెప్పనక్కరలేదు. అన్నిటికంటె మా మనస్సును ఆకర్షించునది 1935 నాటి విషయము. బెజవాడకు ఏటి ఆవలియొడ్డున పెదపాలెము గ్రామమందు పాతూరి నాగభూషణముగారు కాలువపడవలలో గ్రంథాలయమును నడిపిరి. మెల్లగా సాగు పడవలో ఊరక కూర్చున్న బాటసారి చేతికి పుస్తకము నందించిరి. దారిన పోవువానివలన లాభ మేమని చూచు లోకములో, వానికి మన మేమి యీయగలమని యోచించిన బుద్ధి యది.

బాటసారికిని ధర్మము కలదు. మూడవ తరగతి ప్రయాణముల దుస్థితినిగూర్చి గాంధీమహాత్ముడు 1917లో వ్రాసినపుడు రైల్వేవారి నిర్లక్ష్యమును ఖండించుచునే ప్రయాణికుల అశుచినిగూడ దాచలేదు. మనము దిగి గడియసేపు నిలిచిన తావు మరియొకరి వాకిలి. మనము ఉమిసిన చోటను వారి బిడ్డలు ఆడుకొందురు. మనము పారవేసినదానిని ఎత్తు చేతులు మనవంటి మనుష్యుల చేతులే. పడవలు మానినపిదప పేటవారును ఆ కాలువలను పెరటిగుంటలవలె చూచి మలినపరచిరి. కావున తప్పు ఒకవైపుననే లేదు.

1957లో ప్రకాశము బారేజి సిద్ధమగుటతో దానిమీదుగ రోడ్డుబండ్లు నదిని దాటసాగెను. 1990లో పండిత నెహ్రూ పేర పెద్ద బస్సుస్టేషను వెలసెను. జనసమ్మర్దము ఇనుమడించెను. దానితోపాటు ఒక దుఃఖమును పెరిగినది. ఇంట దెబ్బలకో, లేమికో తాళలేక రైలెక్కిన పసివారు ఇట్టి కూడలులలోనే దిగుదురు. గుంపులో నీ వెవరవని యడుగువారుండరు గదా! ఆ ప్రశ్నను ప్రేమతో అడుగుటకే 1989లో నవజీవన్ బాలభవన్ ఈ పట్టణమున వెలసినది. ఎవరింటికని పల్లె యడిగిన ప్రశ్నను పట్టణము మరచినచో నష్టపోవువారు ఈ బిడ్డలే.

కూడలిలోని గృహిణీగృహస్థులకు మేము విన్నవించున దేమన: అర్ధరాత్రి చంటిబిడ్డతో బండిదిగిన యువతికి సరియైన దారి చెప్పుటకును, దాహమన్నవానికి కులమడుగక నీరు పోయుటకును, ఒంటరిగా తిరుగు బాలుని పలుకరించి రక్షకుల కప్పగించుటకును సంఘములు, తీర్మానములు అక్కరలేదు. దారిబత్తెముతోపాటు కొంత మర్యాదనుగూడ మూటగట్టుకొని బయలుదేరుట ప్రయాణికుల వంతు. రైళ్లు ఊళ్లను దగ్గరచేసినవి. మనుష్యులను దగ్గరచేయు పని యింకను మన చేతులలోనే యున్నది.