ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీపులు

2023 దసరాకి మా తమ్ముడికి కంప్యూటర్ అసెంబుల్ చేశాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ మెట్లన్నీ ఎక్కి దిగి, నాలుగు కొట్లలో బేరమాడి తెచ్చిన పార్టులు. లక్షకి కాస్త తక్కువ అయింది. సగం నాది, సగం నాన్నది. ఆయుధపూజ కదా అని అమ్మ క్యాబినెట్‌కి బొట్టు కూడా పెట్టేసింది. బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చెప్పి పడుకుంది.

ఫ్యాన్లు తిరిగితే పవర్ బాగానే ఉందనుకుంటాం. అదో భ్రమ. ఫ్యాన్‌కి కావాల్సింది 12 వోల్టులే, ఇంకెవరితోనూ దానికి పనిలేదు. ప్రాసెసర్‌కి కరెంటు వేరే తీగలో వస్తుంది. 2000లో పెంటియం 4 వచ్చినప్పుడు, మదర్‌బోర్డు మూల ఈ నాలుగు పిన్నుల కనెక్టరు కొత్తగా వచ్చింది. ఇప్పుడది ఎనిమిది పిన్నులైంది. అది పెట్టడం మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, తెర వెలగదు. చూశాను, పెట్టే ఉంది. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టానా? (ఇంటెల్ 2019లో ఎఫ్ అక్షరం తగిలించిన ప్రాసెసర్లు తెచ్చాక ఈ పొరపాటు చేసినవాళ్ళు కోకొల్లలు. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు.) లేదు, కార్డుకే పెట్టాను. ర్యామ్ రెండో, నాలుగో స్లాట్లలోనే ఉంది. తీసి పెట్టాను. మళ్ళీ తీసి పెట్టాను. ఒక్క స్టిక్‌తో ప్రయత్నించాను. బోర్డు మీద "డ్రామ్" అని రాసి ఉన్నచోట చిన్న పసుపు లైటు వెలుగుతోంది. ఇంకేముంది, ర్యామ్ పోయిందని తేల్చేశాను.

ఇదంతా వెనకాల నిలబడి చూస్తున్న నాన్న ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "కుయ్యిమందారా?"

అనలేదు. అనడానికి నోరుంటే కదా! బోర్డులో స్పీకర్ పిన్నులున్నాయి, క్యాబినెట్‌తో స్పీకర్ రాలేదు.

నాన్న అలా అడగడానికి కారణం ఉంది. 2006లో మా ఇంటికొచ్చిన మొదటి కంప్యూటర్ సెకండ్‌హ్యాండ్‌ది. ఆన్ చేయగానే "కుయ్" అనేది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో అందరికీ నిశ్చింత. వానాకాలంలో ఒక్కోసారి అదేపనిగా కూసేది, తెర నల్లగా ఉండేది. నాన్న పెట్టె విప్పి, ర్యామ్ బయటకి తీసి, దాని బంగారురంగు పళ్ళని నా కంపాసుబాక్సులోని రబ్బరుతో తుడిచి పెట్టేవారు. మళ్ళీ "కుయ్". ఆయన చదివింది కామర్సు. నేను ఇంజినీరింగు చదివి, ఆరేళ్ళుగా సాఫ్ట్‌వేర్లో ఉండి, ఆ రాత్రి ఆయన ముందు నేలమీద కూర్చుని స్క్రూడ్రైవర్ తిప్పుతున్నాను.

సరే, అసలు ఆ కూత ఎక్కడ మొదలైంది?

ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ని, అంటే మోడల్ 5150ని, 1981 ఆగస్టు 12న ప్రకటించింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందం ఏడాది పైచిలుకులో తయారుచేసిన యంత్రం. 4.77 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8088 ప్రాసెసర్. 1,565 డాలర్ల కనీస ధరలో మానిటర్ లేదు, కావాలంటే ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. డిస్‌ప్లే సర్క్యూటు మదర్‌బోర్డు మీద ఉండేది కాదు. అక్షరాలకో కార్డు, రంగులకో కార్డు. ఏది కొంటే అది స్లాట్‌లో గుచ్చుకుని, ఏది పెట్టామో బోర్డు మీది చిన్న స్విచ్చులతో చెప్పాలి. అంటే కొత్త యంత్రంలో తెర ఉంటుందన్న నమ్మకం దాన్ని తయారుచేసినవాళ్ళకే లేదు. అలాంటప్పుడు తెర లేదన్న సంగతి తెర మీద ఎలా చెప్తారు?

అందుకే స్పీకర్. దాన్ని మోగించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, 8253 అనే టైమర్ చిప్ ఉంటే దాదాపు సరిపోతుంది. 8 కిలోబైట్ల రామ్‌లో (రీడ్ ఓన్లీ మెమరీ అండీ, మన ర్యామ్ కాదు) కూర్చున్న బయోస్ వరుసగా ఒక్కొక్కరినీ నిద్రలేపుతుంది. ముందు ప్రాసెసర్ తనని తానే పరీక్షించుకుంటుంది, రిజిస్టర్లలోకి అన్నీ ఒకట్లు, అన్నీ సున్నాలు పంపి చూసుకుంటుంది. అక్కడే తేడా వస్తే ఆగిపోతుంది, అంతే. ఆ తర్వాత రామ్ లెక్క సరిచూడటం, డీఎంఏ, టైమర్, మొదటి 16 కిలోబైట్ల మెమరీ. వీళ్ళందరూ పాసయ్యాకే డిస్‌ప్లే కార్డు వంతు. అన్నీ బాగుంటే ఒక పొట్టి బీప్. సిస్టమ్ బోర్డులో తేడా ఉంటే ఒక పొడుగు, ఒక పొట్టి. డిస్‌ప్లేలో తేడా ఉంటే ఒక పొడుగు, రెండు పొట్టి.

నాకు ఇంకా ముచ్చటేసేది వేరే సంగతి. ఈ కోడంతా, అసెంబ్లీ లిస్టింగుతో, కామెంట్లతో, సర్క్యూటు బొమ్మలతో సహా ఐబీఎం టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో అచ్చువేసి అమ్మింది. తెర వెలగకపోతే ఎక్కడ ఆగిందో పుస్తకం తిరగేసి చూసుకోవచ్చన్నమాట. (ఈ బయోస్ రాసింది డేవిడ్ బ్రాడ్లీ. మనందరం రోజూ నొక్కిన కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కూడా ఆయన పుణ్యమే.)

పుస్తకం అందరి చేతిలో ఉన్నా కాపీ కొడితే కేసు. అందుకని కాంపాక్, ఫీనిక్స్ లాంటి కంపెనీలు ఒక జట్టుతో అది ఏం చేస్తుందో రాయించి, ఆ కోడు మొహం కూడా చూడని ఇంకో జట్టుతో కొత్తగా రాయించాయి. క్లోన్ల యుగం అలా మొదలైంది. దాంతో కూతలకీ ప్రాంతీయ యాసలొచ్చాయి. అవార్డ్ వాడు ఐబీఎం దారిలోనే ఒక పొడుగు, రెండు పొట్టి అంటే, ఏఎంఐ బయోస్ డిస్‌ప్లే మెమరీకి ఎనిమిది పొట్టి కూతలు పెట్టేది. ఫీనిక్స్‌ది టెలిగ్రాఫ్ ఆఫీసే: ఒకటి, ఆగి మళ్ళీ ఒకటి, ఆగి మూడు. 1984లో ఐబీఎం ఏటీ వచ్చినప్పుడు ఇంకో మంచి అలవాటు మొదలైంది. ప్రతి మెట్టు దగ్గరా బయోస్ ఒక అంకెని 80 హెక్స్ పోర్టుకి పంపేది. స్లాట్‌లో ఓ చిన్న కార్డు గుచ్చితే ఆ అంకె కనిపించేది. రిపేరువాళ్ళకి అదే స్టెతస్కోపు.

తర్వాత స్పీకర్లు చిక్కిపోయి మిరియపుగింజంత బజర్లయ్యాయి, చివరికి చాలా క్యాబినెట్లలో అవీ మాయమయ్యాయి. వాటి బదులు బోర్డు మీద నాలుగు లైట్లు: సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్. ఇక్కడే నేను బోల్తాపడ్డాను. ఆ లైటు వెలగడానికి రెండు అర్థాలున్నాయి. "ఇది పాడైంది" అని ఒకటి, "ఇప్పుడు దీన్ని చూస్తున్నాను, ఆగు" అని ఇంకొకటి.

మర్నాడు ర్యామ్, బోర్డు, ప్రాసెసర్ సంచీలో వేసుకుని సీటీసీకి వెళ్ళాను, పోట్లాడటానికి సిద్ధపడి. కొట్టు అబ్బాయికి పట్టుమని పాతికేళ్ళుండవు. టేబుల్ మీద పరిచి, కేబుళ్ళు తగిలించి, బటన్ నొక్కి, "చాయ్ తాగొస్తా సార్" అని వెళ్ళిపోయాడు. పసుపు లైటు వెలుగుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. అతను వచ్చేసరికి తెర మీద బయోస్ ఉంది.

"డీడీఆర్5 కదా సార్. ఫస్ట్ టైం ట్రైనింగ్ చేసుకుంటది. నడిమిట్ల బంద్ చేస్తే మళ్ల మొదటికే."

డీడీఆర్5 వేగాల్లో ప్రతి తీగమీదా సిగ్నల్ ఎప్పుడు చదవాలో, ఎంత వోల్టేజీ దగ్గర చదవాలో మెమరీ కంట్రోలర్ ముందుగా కొలుచుకోవాలి. మొదటిసారి అది నిమిషాల తరబడి సాగొచ్చు. కుదిరిన లెక్కల్ని దాచుకుని తర్వాతిసారి నుంచి వాడుకుంటుంది. మెమరీ సిద్ధమయ్యేదాకా తెర వంతు రాదు. 1981లో ఉన్న వరుసే ఇది, ఏమీ మారలేదు. ఇప్పుడు కొన్ని ప్రాసెసర్లలో అయితే, అసలు కోర్లు కళ్ళు తెరవకముందే లోపలున్న ఇంకో బుల్లి ప్రాసెసర్ ఈ పనంతా చేసేస్తుంది. దాని కోడ్ ఏ పుస్తకంలోనూ అచ్చుకాదు. నా కంప్యూటర్ ఆ రాత్రంతా ఆరోగ్యంగానే ఉంది. రెండేసి నిమిషాలకోసారి దాని పీక నొక్కింది నేనే. "ఇంకో మూడు నిమిషాలు ఆగండి" అని చెప్పే దారి దానికి ఎవరూ ఇవ్వలేదు. దాన్ని ఖర్చు తగ్గించడం అంటారేమో గానీ, నేను ఒప్పుకోను.

వచ్చేముందు అదే కొట్లో నాలుగు పిన్నుల చిన్న స్పీకర్ అడిగాను. ఆ అబ్బాయి వింతగా చూసి, డ్రాయర్ అడుగునుంచి ఒకటి వెతికి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. సాయంత్రం తమ్ముడు బటన్ నొక్కగానే "కుయ్" అంది. హాల్లో పేపరు చదువుకుంటున్న నాన్న తల కూడా ఎత్తకుండా "ఆఁ, వచ్చేసింది" అన్నారు.