ఇరువదవ మెట్టు

వైకుంఠపాళి ఎరుగని తెలుగు ఇల్లు పూర్వము అరుదు. గవ్వలు వేసి, నిచ్చెనలెక్కి, పాముల నోటబడి క్రిందికి జారి, మరల ఎగబ్రాకి, తుదకు పరమపదము చేరుదుము. చేరినవాడు గెలిచెను, ఆట ముగిసెను. ఆ పైగడిలో కూర్చున్నవాడు అక్కడ ఏమి చేయుచుండునో ఎవరును అడుగరు. ఆ ప్రశ్నను అడిగి, ఏబది ఏండ్లుగా దానికి తడవకొక సమాధానము చెప్పుచు వచ్చిన ఒక ఆటను గూర్చి ఇప్పుడు ముచ్చటింపదలచితిమి.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న ఊరు కలదు. ఆ ఊరివాడైన గారీ గైగాక్స్, పొరుగున ఉన్న మినెసోటావాడైన డేవ్ ఆర్నెసన్ కలిసి 1974 జనవరిలో దీనిని వెలువరించిరి. మొదటి ముద్రణము వేయి ప్రతులు మాత్రమే. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకములు. ఇరువురును బొమ్మ సైనికులను బల్లపై నిలిపి యుద్ధములు నడపు వినోదమునందు ఆరితేరినవారు. అట్టి యుద్ధములలో ఒక ఆటగాడు ఒక సేననంతటిని నడపును. సేనకు మారుగా ఒక్క మనిషినే నడపిన నేమి అను ఊహ నుండి ఈ క్రొత్త ఆట పుట్టినది.

ఆడు విధము సులభము. బల్లచుట్టును నలుగురైదుగురు కూర్చుందురు. వారిలో ఒకరు మన నాటకములలోని సూత్రధారుని వంటివారు. కోటలు, గుహలు, భూతములు, సంతలు అన్నియు ఆయన నోటనే పుట్టును. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. వేషము లేదు, రంగస్థలము లేదు. ఒక కాగితము, ఒక పెన్సిలు, చిత్రమైన పాచికలు కొన్ని చాలును. "నేను ఆ తలుపు తెరచుచున్నాను" అని ఒకడనును. తెరచుకొన్నదో లేదో 20 ముఖముల పాచిక చెప్పును. కథ ఈ వారము నిలిచినచోటి నుండి వచ్చు వారము సాగును. ఏండ్ల తరబడి సాగిన కథలును కలవు.

ప్రతి పాత్రకును ఒక వృత్తి ఉండును. 1974లో మూడు వృత్తులే ఉండెను: యోధుడు, మాంత్రికుడు, దైవబలముతో గాయములు మాన్పి ప్రేతములను పారద్రోలు క్లెరిక్. సాహసములు చేసి, నిధులు తెచ్చినకొలది పాత్రకు అనుభవపు పాయింట్లు చేరును; పాయింట్లు పెరిగినకొలది మెట్టు పెరుగును. మెట్టు మెట్టుకును ఒక బిరుదము. యోధుడు నాలుగవ మెట్టున హీరో, ఎనిమిదవ మెట్టున సూపర్‌హీరో, 2,40,000 పాయింట్లతో తొమ్మిదవ మెట్టున లార్డ్ అగును. మాంత్రికుడు 3,00,000 పాయింట్లతో 11వ మెట్టున విజర్డ్ అనిపించుకొనును. క్లెరిక్ 1,00,000 పాయింట్లకే ఎనిమిదవ మెట్టున పేట్రియార్క్, అనగా మతగురువు, అగును. అంతకు మించి బిరుదములు లేవు గాని మెట్లు లేకపోలేదు. సిద్ధాంతరీత్యా పైకెక్కుటకు హద్దు లేదని చెప్పుచు, ఆ పుస్తకము ఉదాహరణముగా 20వ మెట్టు లార్డును, 20వ మెట్టు విజర్డును పేర్కొన్నది. మాటవరుసకు వ్రాసిన ఆ 20 అను సంఖ్యయే కాలక్రమమున ఈ ఆటకు శిఖరమైనది!

ఇక ఆనాటి శిఖరమున ఏమున్నది? భూమి ఉన్నది. లార్డ్ అయిన యోధుడు కోట కట్టుకొనవచ్చును. అట్లు కట్టినవాడు బారన్ అగును. చుట్టుప్రక్కల పల్లెలపై పన్ను వసూలు చేసికొనును. అడవిని నరికించి ఊళ్లు నిలుపును. మతగురువైన క్లెరిక్‌కు కోట కట్టుటలో పైనుండి సాయము లభించును: లక్ష బంగారు నాణెములు వెచ్చించినచో రెండు లక్షల విలువ గల కోట లేచును. ఈ ఏర్పాటు వెనుక, సేనలను నడపు పాత వినోదమే దాగియున్నది. ఒంటరిగా గుహలలో తిరిగిన మనిషి ఎదిగి, ఎదిగి, తుదకు మరల ఒక సేనకు అధిపతి అగును. కాని ఆడువానికి కలుగు అనుభవము వేరు. నిన్నటి వరకు తన ప్రాణము కాపాడుకొనుటయే పనిగా ఉన్నవానికి నేడు పదిమంది ప్రాణములు కాపాడు పని వచ్చి పడెను. శిఖరము విశ్రాంతి కాదు, క్రొత్త ఉద్యోగము. ఈ ఆట చరిత్రలో ఇంతకంటె మేలైన సమాధానము తరువాత వచ్చినదా అని మాకు నేటికిని సందేహమే.

పిమ్మట 1975లో దొంగ, పాలడిన్, మంక్, హంతకుడు అను వృత్తులును, 1976లో అడవులను కాపాడు డ్రూయిడ్ అను వృత్తియు చేరినవి. వీనిలో కొన్నింటికి గైగాక్స్ 1978లో వెలువరించిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అను గ్రంథమున విచిత్రమైన నియమము కలదు. లోకమునందు 12వ మెట్టు డ్రూయిడ్లు తొమ్మండుగురే ఉందురు. 13వ మెట్టున ఆర్చ్‌డ్రూయిడ్లు ముగ్గురు. 14వ మెట్టున గ్రేట్ డ్రూయిడ్ ఒక్కడే. పాయింట్లు చేరినంత మాత్రమున మెట్టెక్కుట కుదరదు. అప్పటికే ఆ పీఠమున ఉన్నవానిని వెదకి, ద్వంద్వమున ఓడింపవలెను. మంకులకును ఇట్టిదే: ఎనిమిదవ మెట్టున ముగ్గురు, ఆ పైన మెట్టుకొక్కడు, 17వ మెట్టున గ్రాండ్ మాస్టర్ ఆఫ్ ఫ్లవర్స్ అను సుకుమారమైన బిరుదము. ఆ ద్వంద్వమున ఆయుధము పట్టరాదు, మంత్రపు వస్తువులు వాడరాదు. ఓడినవాడు క్రింది మెట్టుకు దిగవలెను.

ఈ నియమమును నిందించినవారు చాలమంది. సూత్రధారునికి శ్రమ, ఆటగానికి భయము, బల్లచుట్టును ఉన్న తక్కినవారు ఆ ద్వంద్వము ముగియువరకు చేతులు ముడుచుకొని చూడవలెను. ఈ నిందలు సబబే. అయినను, 13వ మెట్టు ఆర్చ్‌డ్రూయిడ్ అను మాటకు ఆ రోజులలో ఉన్న బరువు మరి రాలేదు. ఆ పేరు గలవారు లోకమున ముగ్గురే. వారిలో ఒకరు మీ బల్లవద్ద కూర్చున్నారు! తాను ఓడించినవాడు ఎవడో, రేపు తన్ను ఓడింప రాగలవాడు ఎవడో అతనికి తెలియును. వైకుంఠపాళిలో పాము తోక క్రిందనుండును. ఇచ్చట పీఠము మీదనే పాము.

కొంతకాలము శిఖరమును ఎత్తు పెంచు పని సాగినది. 1985లో డ్రూయిడ్‌కు 23 మెట్ల వరకు త్రోవ వేసిరి. ఇదే ఆట యొక్క మరియొక శాఖలో ఫ్రాంక్ మెంట్జర్ 1983 మొదలు 1986 వరకు వరుసగా వెలువరించిన పెట్టెలు 36 మెట్లను దాటి, అటుపై పాత్రలను అమరులనుగా కూడ చేసినవి. 1989 నాటి రెండవ కూర్పు మరల 20 దగ్గరకు వచ్చినది. 1997లో ఈ ఆట చేతులు మారి విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థకు చేరెను.

అసలు చిక్కు 2000లో వచ్చిన మూడవ కూర్పుతో మొదలైనది. జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ అను మువ్వురు దానిని రచించిరి. ఇందులో ప్రతి మెట్టునను ఆటగాడు తన వృత్తిని మార్చుకొనవచ్చును: నాలుగు మెట్లు యోధుడు, రెండు మెట్లు దొంగ, తక్కినవి మరియొకటి. మొత్తము 20 కావలెను, అంతియే. స్వేచ్ఛ మంచిదే. కాని ఒకే వృత్తిని నమ్ముకొని 20 మెట్లెక్కినవానికి దక్కినదేమి? మంక్‌కు మాత్రము గొప్ప గౌరవము దక్కెను: 20వ మెట్టున అతడు మనుష్యత్వమును దాటి, పరలోకపు జీవిగా ఎంచబడును. యోధునికి దక్కినది రెండు మెట్లకొకసారి దక్కు ఒక చిన్న నేర్పే, మరియొకటి. కోట లేదు, బిరుదము లేదు. 20 మెట్లు యోధుడుగా ఎక్కుట తెలివితక్కువ అని గడుసు ఆటగాండ్రు లెక్కలు వేసి చూపసాగిరి.

మన దేశమున వేదాధ్యయనము చేసినవారిలో క్రమము వరకు చదివి ఆపినవారు కలరు. జట దాటి ఘన వరకు సాధించి ఘనపాఠి అనిపించుకొన్నవారు కలరు. ఆ చివరి మెట్టుకు ఏండ్లు పట్టును. అది పూర్తి చేసినవానికి సభలో ప్రత్యేకస్థానము లేకున్నచో, ఆ శ్రమకు పూనుకొనువారు ఎందరుందురు? మూడవ కూర్పును చదివినపుడు మాకు తోచిన ప్రశ్న ఇది.

2008లో రెండు సంగతులు జరిగినవి. ఆ మార్చిలో గైగాక్స్ మరణించెను. ఆర్నెసన్ మరుసటి ఏప్రిల్‌లో అతని త్రోవనే పట్టెను. ఆ జూన్‌లో నాలుగవ కూర్పు వచ్చినది. అందు 30 మెట్లు. 21వ మెట్టున ప్రతి పాత్రయు తన మహాగతిని ఎన్నుకొనును. తన చివరి కార్యము ముగించుకొని ఆ పాత్ర ఈ లోకమును విడిచి ఎట్లు వెడలునో కూడ పుస్తకమే చెప్పును. అనగా పరమపదమే! పైగడిలో ఏమి చేయుదురన్న ప్రశ్నకు, అక్కడ ఉండరు అను సమాధానము. కథకు చక్కని ముగింపు. కాని పని కోరువానికి ఇది జవాబు కాదు.

మూడవ కూర్పును వదలలేనివారి కొరకు పైజో అను సంస్థ 2009లో పాత్‌ఫైండర్ అను ఆటను తెచ్చినది. అది ఒకే వృత్తిని వీడనివారి మొర ఆలకించినది. యోధుడు 20వ మెట్టున ఒక ఆయుధమును ఎన్నుకొనును. దానిని అతని చేతినుండి ఎవరును ఊడగొట్టలేరు. దానితో అతడు తీయు మర్మఘాతము తప్పక ఫలించును. గొప్ప కానుక కాకున్నను, ఆ ఒక్క కత్తితో జీవితమంతయు గడపినవానికి తగిన కానుక.

2014లో వచ్చిన అయిదవ కూర్పున 12 వృత్తులకును 20వ మెట్టున ఒక్కొక్క వరము కలదు. 3,55,000 పాయింట్లు కూడినవానికి అవి లభించును. వరములన్నియు సమానము కావు. రేంజర్ అను వనచరుడు తాను పగబట్టిన జాతి శత్రువును ఎదిరించునపుడు, వంతుకొకసారి, పాచికకో దెబ్బకో తన వివేకపు లెక్కను కలుపుకొనును. అది సాధారణముగా 5కు మించదు. పండ్రెండు వృత్తులలో ఇంత పిసినారి వరము మరియొకటి లేదని మా అభిప్రాయము. బార్డ్ అను గాయకునికి, తన ఉత్సాహదానములు అన్నియు అయిపోయినచో, యుద్ధారంభమున ఒక్కటి తిరిగి వచ్చును. మాంత్రికుని సంగతి వేరు: అతని మహామంత్రములు 17వ మెట్టుననే వచ్చును గనుక, 20వ మెట్టు వరము కొంచెమైనను అతడు దుఃఖింపడు. బార్బేరియన్‌కు బలమును, దేహదార్ఢ్యమును నాలుగేసి చొప్పున పెరిగి, 20 దాటరాని హద్దు 24కు జరుగును. యోధుడు ఒక్క వంతులో నాలుగు దెబ్బలు కొట్టును. ఇతర వృత్తులు ఎన్ని కలిపినను ఈ నాలుగవ దెబ్బ మరెవ్వరికిని రాదు.

క్లెరిక్ వరము మాకు మిక్కిలి నచ్చినది. పదవ మెట్టున అతడు తన దైవమును సాయమునకు పిలువవచ్చును. కాని నూటికి పదిపాళ్లే ఆ మొర వినబడును. మెట్టు మెట్టుకును ఒక్కొక్క పాలు పెరుగును. 19వ మెట్టున కూడ నూటికి 19 పాళ్లే. 20వ మెట్టున పాచిక అక్కరలేదు: పిలిచిన దైవము పలుకును. ఇన్నాళ్లు దైవమును సందేహించుచు పిలిచినవానికి ఇంతకంటె సరియైన ఫలము మేము ఊహింపలేము.

కాని లెక్కకు మొదటివాడు డ్రూయిడ్. అతడు మృగరూపము ధరింపగలడు. ఆ మృగము ప్రాణము పోయినచో తన దేహముతో, తన ప్రాణబలముతో బయటపడును. 19వ మెట్టు వరకు ఇది ఒక విశ్రాంతికి రెండుమారులే. 20వ మెట్టున హద్దు లేదు. చంద్రమండలపు డ్రూయిడ్ అయినచో వంతు వంతుకును క్రొత్త దేహము ధరింపవచ్చును. చంపబూనినవాడు ప్రతిమారు మొదటినుండి మొదలు పెట్టవలెను. 1978లో లోకమున ఒక్కడే గ్రేట్ డ్రూయిడ్ ఉండెను, అతనిని ఎవడైన ఓడింపవచ్చును. 2014లో ఎందరైన ఉండవచ్చును, వారిని ఓడించుట మాత్రము దాదాపు అసాధ్యము. ఈ రెంటిలో ఏది ఫలవంతమైన శిఖరము? బల్లవద్ద ఒక సాయంకాలము గెలువగోరువాడు రెండవది కోరును. ఏండ్ల తరబడి కథ నడపగోరువాడు మొదటిది కోరునని మా నమ్మకము. ఓటమి లేనివానికి చెప్పుటకు కథ ఏమి మిగులును?

ఇంకొక మాట. ఈ వరములను అనుభవించినవారు కొద్దిమందియే. కథ అంతదూరము సాగుటకు పూర్వమే ఒకరికి ఉద్యోగము మారును, ఒకరికి పెండ్లి యగును, సూత్రధారుడు అలసిపోవును. 20వ మెట్టు చాలమందికి పుస్తకము చివరి పుటలలో చదువుకొను సంగతి మాత్రమే. అందుచేతనే దానిని గూర్చి అంత వాదము జరుగునేమో!

2024లో ఆ పుస్తకములను సవరించిరి. 19వ మెట్టున అందరికిని ఒక మహావరము ఏర్పరచిరి. డ్రూయిడ్‌కు హద్దు మరల వచ్చినది: రూపములు అయిపోయినచో యుద్ధారంభమున ఒక్కటి తిరిగి వచ్చును. క్లెరిక్‌కు కోరిన కోర్కె తీర్చు మంత్రము దైవము ద్వారా దొరకును. మంక్‌కు చురుకుదనము, వివేకము పెరిగి 25 వరకు పోవచ్చును. రేంజర్‌కు మాత్రము ఆరు ముఖముల పాచికకు మారుగా పది ముఖముల పాచిక ఇచ్చిరి.

అదే ఏడు సూత్రధారుని గ్రంథమున, మేము ఎదురుచూడని పాత చుట్టము కనబడెను: కోట. బాస్టియన్ అను పేర, పనివారితోను, గదులతోను, గ్రంథాలయములతోను అది తిరిగి వచ్చినది. అయితే దానికి లార్డ్ కానక్కరలేదు. అయిదవ మెట్టుననే అది లభించును. తొమ్మిదవ, 13వ, 17వ మెట్లయందు దానికి ప్రత్యేకమైన గదులు పెరుగును. 20వ మెట్టున మాత్రము క్రొత్తగది ఒక్కటియు చేరదు.