జంబో త్సురుటా: ఆయాసం కనబడని పహిల్వాన్

మా మామూకి తెలిసిన జపాన్ పహిల్వాన్ ఒక్కడే, ఇనోకీ. 1976 డిసెంబర్‌లో ఇనోకీ కరాచీ వచ్చి అక్రమ్ పహిల్వాన్ చెయ్యి విరిచిన కిస్సా మామూ ఎంత దర్ద్‌తో చెప్పేవాడో! తాలీంలో ఒళ్లంతా మట్టి పూసుకున్న మనిషి కదా, ఆ ఓటమి ఆయనకు సొంతింటి ఓటమి లాంటిది. ఇనోకీ పేరు అట్లా మా గల్లీ దాకా వచ్చింది. అదే జమానాలో, అదే టోక్యోలో, ఇంకో కంపెనీలో కుస్తీ పట్టిన జంబో త్సురుటా పేరు మాత్రం మామూ వినలేదు. నేను విన్నది కూడా చాలా ఆలస్యంగానే.

అసలు పేరు తోమోమి త్సురుటా. 1951లో యామనాషిలో పుట్టాడు. ముందు బాస్కెట్‌బాల్ ఆడిన కుర్రాడు, తర్వాత కుస్తీకి వచ్చి 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో గ్రీకో-రోమన్ భారీ బరువు విభాగంలో దిగాడు. మెడల్ రాలేదు. అదే ఏడాది జయంట్ బాబా కొత్తగా పెట్టిన ఆల్ జపాన్‌లో చేరాడు. చేరేటప్పుడు ఈయన అన్న మాట ఏంటంటే, నేను ఈ కంపెనీలో నౌకరీకి చేరుతున్నాను అని! కుస్తీ అంటే జునూన్, జాన్ కుర్బాన్ చేయడం అనుకునే ఫ్యాన్స్ ఆ మాట మరిచిపోలేదు. నా లెక్కలో త్సురుటాకి తగలాల్సిన ఇజ్జత్ తగలకపోవడం అక్కడే షురూ అయింది.

బాబా ఈయన్ని అమెరికా పంపాడు, టెక్సస్‌లోని అమరిల్లోకి. ఫంక్ అన్నదమ్ములు ఉస్తాద్‌లు. 1973 మార్చిలో అక్కడే మొదటి కుస్తీ. ఆరడుగుల నాలుగైదు అంగుళాల మనిషి, పిల్లిలా కదిలేవాడు. తిరిగొచ్చిన కొద్ది రోజులకే బాబా పక్కన నిలబడి పెద్ద పెద్ద బెల్టుల కోసం పోటీ పడ్డాడు. కింది నుంచి మెట్టు మెట్టు ఎక్కి రాలేదు, బక్కెట్లు మోసి, ఉస్తాద్ కాళ్లు పిసికి రాలేదు. అందుకే లోకం నోట ‘నసీబ్‌వాలా’ అన్న మాటే తప్ప ‘మెహనతీ’ అన్న మాట రాలేదు.

ఈ ప్రో రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే ఖరారవుతాయి. మనవాళ్లు నూరా కుస్తీ అంటారు. మరి అందులో ఒకణ్ణి గొప్పోడు అనడానికి గీటురాయి ఏది? దమ్ము. దాన్ని ఎవరూ ముందే రాసిపెట్టలేరు. 1985 నవంబర్ 4న ఒసాకాలో రికీ చోషూతో గంటసేపు కుస్తీ, బరాబర్‌గా ముగిసింది. చోషూ అప్పుడు జపాన్ కుర్రాళ్ల హీరో, నిప్పులాంటోడు. గంట అయ్యేసరికి ఆ నిప్పు బూడిదైంది. త్సురుటా మాత్రం ఇంకో గంటకు తయార్ అన్నట్టు నిలబడ్డాడు. విచిత్రం ఏంటంటే, దాన్నే ఐబ్‌గా చూశారు. చెమట కనబడలేదు కాబట్టి మనసు పెట్టలేదట!

నేనూ మొదట్లో అదే అనుకున్నాను, ఝూట్ ఎందుకు చెప్పాలి. పాత వీడియోలు చూస్తూ, ఈయనకి అంతా ఆటలా ఉందే అని విసుక్కునేవాణ్ణి. మిసావా నెత్తురు కక్కేలా ఆడితే కళ్లలో నీళ్లొచ్చేవి, త్సురుటాని చూస్తే ఏమీ రాకపోయేది.

1984 ఫిబ్రవరి 23న టోక్యోలో నిక్ బాక్‌వింకెల్‌ని ఓడించి ఏడబ్ల్యుఏ ప్రపంచ టైటిల్ పట్టిన మొదటి జపానీయుడయ్యాడు. ఆ బెల్టు తీసుకుని అమెరికా పోయి అక్కడ కూడా కాపాడుకున్నాడు. మే 13న సెయింట్ పాల్‌లో రిక్ మార్టెల్ చేతిలో పోయింది. 1989 ఏప్రిల్‌లో స్టాన్ హాన్సన్‌ని పడగొట్టి మూడు టైటిళ్లు ఒకటి చేసి ట్రిపుల్ క్రౌన్‌కి మొదటి హక్‌దార్ అయ్యాడు. పాత జోడీదార్ టెన్ర్యూ ఎదురు తిరిగి కసిగా కొడితే అప్పుడు గానీ ఈయనలోని అసలు గుస్సా బయటపడలేదు. వాళ్లిద్దరి 1989 జూన్ 5 దంగల్ ఇప్పటికీ చూడదగ్గది.

కానీ నా మనసు మార్చింది ఈయన గెలిచినవి కాదు, ఓడింది. 1990 వసంతంలో టెన్ర్యూ కంపెనీ వదిలి పోయాడు. ఆల్ జపాన్ పునాది కదిలిపోయింది. మే నెలలో మిసావా తన పులి ముసుగు తీసి పారేశాడు. జూన్ 8న నిప్పన్ బుడోకాన్‌లో త్సురుటా ఆ కుర్రాడి చేతిలో ఓడాడు. తఖ్త్ మీద కూర్చున్నవాడు అట్లా ఓడటం చిన్న విషయం కాదు. మొక్కుబడిగా పడిపోతే మిసావా ఖతమ్. త్సురుటా ఆ రోజు జాలిమ్‌లా కొట్టాడు, కుర్రాణ్ణి తొక్కి పెట్టాడు, ఆ తర్వాతే ఓడాడు. అందుకే ఆ గెలుపుకి అంత విలువ. సెప్టెంబర్‌లో మళ్లీ కలిసినప్పుడు మిసావాని ఓడించాడు కూడా, వారసత్వం అంత సులువుగా రాదన్నట్టు. 90ల ఆల్ జపాన్ అంటే అందరూ మిసావా, కవాదా, కొబాషీ అంటారు. ఆ ముగ్గురూ రాటుదేలింది ఈయన దెబ్బలకే. నన్నడిగితే ఆ దశాబ్దానికి సగం హిసాబ్ త్సురుటా ఖాతాలో రాయాలి.

1992లో ఆస్పత్రిలో చేరాడు. హెపటైటిస్ బి. మరుసటేడు తిరిగొచ్చినా పైస్థాయి కుస్తీలు లేవు, ముసలి పహిల్వాన్‌లతో కలిసి నవ్వించే ఆటలే. ఈలోగా త్సుకుబా యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాడు. కుస్తీని నౌకరీ అన్న మనిషి కదా, నౌకరీ తర్వాత జిందగీకి కూడా ఇంతెజామ్ చేసుకున్నాడు.

ఉర్దూలో జిగర్ అంటే కాలేయం, జిగర్ అంటే గుండెధైర్యం. మా మామూ పోయింది ఈ జిగర్ బిమారీతోనే. ఆఖరి రోజుల్లో ఆయన మంచం దిగకపోతే, పహిల్వాన్ కామ్‌చోర్ అయిండని గల్లీలో నవ్వారు. త్సురుటా మీద ‘మనసు పెట్టడు’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ నవ్వే వినిపిస్తుంది. బిమారీ వల్లే ఆయన అట్లా ఆడాడని అనను, గంటసేపు చోషూని అలసగొట్టిన ఒంటికి ఆ సాకు అక్కర్లేదు. మనం మాత్రం చెమటని చూసి మెహనత్‌ని కొలుస్తాం.

1999 జనవరిలో బాబా పోయాడు. మార్చిలో త్సురుటా రిటైర్ అయ్యి, చదువు కోసం కుటుంబంతో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ వెళ్లాడు. మరుసటేడు కాలేయ మార్పిడి కోసం మనీలా వెళ్లాడు. ఆపరేషన్‌లో నెత్తురు ఆగలేదు. 49 ఏళ్లు. తేదీ 2000 మే 13. మార్టెల్ చేతిలో బెల్టు పోయిన తేదీ కూడా అదే, పదహారేళ్ల కింద.