కట్టు విప్పిన కుక్క - యజమాని ధర్మము



పెంపుడుకుక్కను కట్టివేయవలెనా, నలుగురు తిరుగు చోట విడిచిపెట్టవచ్చునా యన్న వివాదము నేడు పలు గ్రామములలో వినబడుచున్నది. మన పెద్దలు దీనిని పూర్వమే విచారించియున్నారు.

నన్నయభట్టారకుని ఆదిపర్వమున సరమ కథ కలదు. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా, దేవశుని యగు సరమ కొడుకు సారమేయుడు ఆడుకొనుచు నచ్చటికి పోయెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. తల్లి వచ్చి, నిరపరాధులకు కీడు చేయువారికి అనుకొనని భయములు వచ్చునని పలికి పోయెను. కుక్క తిరుగుటయే నేరము కాదని యిందలి తాత్పర్యము.

ధర్మమునకు రెండవ ప్రక్కయు నున్నది. కోరలు గల జంతువుగాని, కొమ్ములు గల జంతువుగాని మనుష్యునిపై బడినప్పుడు, శక్తియుండియు విడిపింపని యజమానునకు యాజ్ఞవల్క్యస్మృతి ప్రథమ సాహసదండము విధించినది. ఆ స్మృతి లెక్కచొప్పున నది 270 పణములు. బాధితుడు మొఱపెట్టినను ఊరకున్నచో దండము రెట్టింపు. ఈ స్మృతికి మితాక్షరా వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమువాడు. మన జనగామకు సమీపమున నున్న కొలనుపాక ఆ చాళుక్యుల యేలుబడిలో ప్రముఖ నగరము. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, 13వ శతాబ్దమున ఈ ధర్మశాస్త్రమును తెనుగున వెలయించెను.

ఆంగ్లేయుల నాటి 1860 శిక్షాస్మృతియందు 289వ సెక్షను ఈ విషయమునే చెప్పినది. దాని స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను వచ్చినది. తన స్వాధీనమందున్న జంతువువలన ప్రాణాపాయముగాని, తీవ్రమైన గాయముగాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివానికి 6 నెలల వరకు ఖైదుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. స్మృతి జంతువు పైబడిన పిమ్మట యజమాని యేమి చేసెనని యడిగినది. నేటి చట్టము అంతకుముందే యేమి జాగ్రత్త పడితివని యడుగుచున్నది.

ఆ జాగ్రత్త యెట్టిదో మన కొమురవెల్లి మల్లన్నను గొలుచు గొల్లకుర్మల మందలను జూచి నేర్వవచ్చును. మంద వెంటనుండు కుక్క మెడకు త్రాడు లేదు. కాని కూననాటినుండి కాపరి కేకకు మరలివచ్చుట దానికి అలవాటు. ఆ కేకయే దాని కట్టు. ఏండ్లతరబడి గొలుసున నుంచి, మనుష్యుల నెఱుగని కుక్కను ఒక్కమారు సంతలో విప్పుట యట్టిది కాదు.

కాటునకు వెనుక మరియొక భయమున్నది. 1885 జులై 6న పారిసునందు లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేయించి కాపాడెను. నాటినుండి ఈ వ్యాధిని నివారించు మార్గము లోకమునకు దొరికినది. లక్షణములు పొడసూపిన పిదప మాత్రము నేటికిని మందు లేదనియే చెప్పవలెను. కావున కఱచిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి, పసరులు పూయక, ఆస్పత్రికి పోయి టీకాలన్నియు వేయించుకొనవలెను.

గ్రామపెద్దలు మూడు కట్టుబాట్లు చేసిన చాలును. టీకా వేయింపని కుక్కను వీథిలోనికి విడువరాదు. పిలిచిన రాని కుక్కకు త్రాడు విప్పరాదు. బడి, బస్సునిలయము, సంత, జాతరలయొద్ద ఎంత సాధువైన కుక్కనైనను త్రాటనే పట్టుకొనవలెను. కోత ముగిసిన చేలలో, మనుష్యులును మందలును లేని వేళ, యజమాని కనుసన్నలలో అది పరుగిడుగాక. ఇట్లు చేసిన సారమేయునకు దెబ్బలు తప్పును, మన బిడ్డలకు కాటు తప్పును.