రేగడి నేలలో బండి కథ

నా పూర్వ విద్యార్థి ఒకడు పికప్ బండి కొన్నాడు. గుంటూరు మిరప యార్డుకు టిక్కీలు తోలుతూ ఒకనాడు దారిలో నన్నూ ఎక్కించుకున్నాడు. తొట్టి ప్రక్కలకు ఇనుప గొట్టాలు అతికించి ఎత్తు పెంచాడు. వెనుక కమాను కట్టలకు అదనంగా పట్టీలు వేయించాడు. "కంపెనీవాడి కొలతలు మన పంటకు చాలవు మాస్టారూ!" అన్నాడు. ఆ మాట వినగానే మా నాయనగారి రెండెడ్ల బండి గుర్తుకు వచ్చింది.

సంస్కృతంలో శకటం, మనకు బండి, తమిళులకు వండి. ఎద్దుల బండి పోయినా ఆ పేరు పోలేదు; ఇప్పుడు మోటారు సైకిలూ బండే. ఇంకొక చిత్రం చూడండి. అమెరికావారు ట్రక్కు అనేది మనకు లారీ. మన పల్లెల్లో ట్రక్కు అంటే ట్రాక్టరు వెనుక తగిలించే తొట్టి.

నాటి బండిని ఊరి వడ్రంగే చేసేవాడు. చక్రానికి తుమ్మకర్ర, దానిపై ఇనుప పట్టా. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే అది ముడుచుకొని ఆకులన్నిటినీ బిగించేది. ఇరుసుకు కందెన తప్పదు. కరణాన్ని మంచి చేసుకొనవలసిన అవసరం చెప్పడానికి సుమతీ శతకకారునికి దొరికిన పోలిక ఆ కందెనే! పత్తి తోలేనాడు ప్రక్కలకు నిలువు కర్రలు దిగవేసి ఎత్తు పెంచేవారు. తోలకం అయిపోగానే పీకివేసేవారు. పత్తీ మిరపా బరువు తక్కువ, చోటు ఎక్కువ కోరే పంటలు గదా!

వానపడిన నల్లరేగడిలో సన్నని ఇనుప పట్టా కోసుకొని దిగిపోయేది. రబ్బరు టైర్ల బండి వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలాక సేద్యం పెరిగింది, క్రమంగా ట్రాక్టర్లూ పెరిగాయి. 1980ల్లో జపాను సాంకేతికతతో చిన్న లారీలు వచ్చాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాదులోనే తయారయ్యేది. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సి.సి. ఇంజను, ముప్పాతిక టన్ను మోత. టిక్కీ నలభై కిలోలనుకుంటే పద్దెనిమిది టిక్కీలకే మోత నిండుతుంది. కాని అంతకు ముందే అవి తొట్టి అంచు దాటి పైకి లేస్తాయి. అందుకే గొట్టాలు, అందుకే పట్టీలు.

వడ్రంగి బండికి ఏ మార్పు చేసినా అడిగేవాడు లేడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను మాత్రం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటనే గట్టిగా చెప్పింది. పంట స్వభావం ఒకటి, చట్టం కొలత ఒకటి. రైతు పక్షాన వాదించాలని నాకూ అనిపించింది.

కాని తిరుగుదారిలో ఖాళీ తొట్టిలో పదిహేనుమంది మిరపకోత కూలీలు ఎక్కారు. పట్టుకొనడానికి ఆ గొట్టాలే ఆధారం. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల వద్ద మిరప కూలీలు ఎక్కిన ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొని పలువురు మరణించిన వార్త మనం చదివినదే. సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత వహించదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. గొట్టం బస్తాను ఆపుతుంది, మనిషిని ఆపదు.

దిగేటప్పుడు ఆ మాటే చెప్పాను. "ఆటోకి డబ్బులు వాళ్ళెక్కడ పెట్టగలరు మాస్టారూ? బస్సు ఆ వేళకు లేదు" అన్నాడు. బడిలో అతనికి చాలా ప్రశ్నలు వేశాను. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ఎత్తు పెంచిన ఆ గొట్టాలకు మా నాయన కర్రలు సాక్ష్యం చెబుతాయి. ఆ కూలీలను ఎక్కించుకొనడానికి మాత్రం ఏ సంప్రదాయమూ సాక్ష్యం రాదు.

బండి భాగాలకు మీ ప్రాంతంలో వాడే పేర్లు తెలిసిన మిత్రులు వ్రాస్తే సంతోషిస్తాను. వడ్రంగులతోబాటు ఆ మాటలూ వెళ్ళిపోతున్నాయి.