ఎండాకాలంలో కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతోందా? ముందు థర్మల్ పేస్ట్ చూడండి

కాచిగూడ, నాంపల్లి, అబిడ్స్ సందుల్లోని జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపుల్లో చాలావరకు పాత డెస్క్‌టాప్‌లే పనిచేస్తుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటిందంటే ఇవి మొరాయిస్తాయి. ఫారం సగం నింపేలోగా మెషీన్ స్లో అవుతుంది, ఫ్యాన్ గోల పెడుతుంది, ఉన్నట్టుండి షట్‌డౌన్ అయిపోతుంది. దరఖాస్తుకు చివరి తేదీ నాడే ఇలా అయితే షాపు వాళ్లతో పాటు కస్టమర్ కూడా పరేషాన్. బోర్డు పోయిందని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. కానీ చాలాసార్లు పాడయ్యేది బోర్డు కాదు, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్ట్.

ప్రాసెసర్ పైభాగం, దానిపై కూర్చునే హీట్ సింక్ అడుగు చూడటానికి నున్నగానే ఉంటాయి. నిజానికి రెండింటి మీదా కంటికి కనిపించని గీతలు, గుంటలు ఉంటాయి. వాటిలో గాలి చేరుతుంది. గాలి వేడిని మోసే లెక్క 0.026 అయితే, మామూలు పేస్ట్‌ది 4 నుంచి 10 దాకా, అల్యూమినియంది 200 పైన, రాగిది 400 దగ్గర. అంటే గాలి కంటే పేస్ట్ ఎంతో మేలు, లోహం ముందు మాత్రం దిగదుడుపే. అందుకే అది గుంటలు నింపేంత ఉంటే చాలు. పాన్ మీద సున్నం లాంటిదే ఇది, ఎక్కువైతే చెడుపే.

చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, పలు రైజెన్ ప్రాసెసర్లు 95 దగ్గర వేగం తగ్గించుకుంటాయి. ఇంకా వేడెక్కితే మెషీన్ ఆగిపోతుంది. కోర్ టెంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకె చూడొచ్చు. అయితే ముందు దుమ్ము దులపండి. ఒక్కోసారి దానితోనే పని అయిపోతుంది.

పేస్ట్ మార్చాలంటే మెషీన్‌ను పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసేయాలి. ఆ వెచ్చదనానికి పాత పేస్ట్ మెత్తబడుతుంది. కూలర్‌ను నేరుగా పైకి లాగకూడదు, మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. పిన్నులు ప్రాసెసర్‌కే ఉండే ఏఎమ్4 రకం రైజెన్లలో గట్టిగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగితే ఖర్చే. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు రాలని గుడ్డతో తుడవాలి. మొబైల్ రిపేర్ సామాన్ల షాపుల్లో ఇది దొరుకుతుంది.

డెస్క్‌టాప్ ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి కూలర్ బిగిస్తే చాలు, ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో చిప్‌కు పైమూత ఉండదు కాబట్టి పల్చగా చిప్ అంతా రాయాలి. స్క్రూలను ఒక మూల, తర్వాత దాని ఎదురు మూల, ఇలా కొంచెం కొంచెంగా బిగించాలి. ఫ్యాన్ వైరు తిరిగి పెట్టడం మర్చిపోవద్దు!

టూత్‌పేస్ట్ చిట్కా నమ్మకండి, కొద్ది రోజుల్లో ఎండిపోతుంది. లిక్విడ్ మెటల్ జోలికి అసలే పోవద్దు. అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది, పక్కకు కారితే షార్ట్ అవుతుంది.

కొత్త పేస్ట్ పెట్టాక కూడా వేడి తగ్గకపోతే కూలర్ ఒక పక్క లేచి ఉందేమో చూడాలి. పాత ఇంటెల్ కూలర్ల ప్లాస్టిక్ పిన్నులు నాలుగింటిలో ఒకటి సరిగ్గా దిగకపోవడం మామూలే.