నీ పిల్లలేరి, దొరసానీ?

పొద్దుటి హడావిడి ముగిసి, పిల్లలు బడికీ, వారు ఆఫీసుకూ వెళ్ళిపోయాక, కాస్త కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ కదా ఇది. ఈ కాస్సేపూ మిమ్మల్ని మా పాలమూరు వైపు తీసుకువెడతాను.

మా అమ్మమ్మగారి ఊరు ఖిల్లా ఘణపూర్. 2016 నుంచి వనపర్తి జిల్లా అంటున్నాం, అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లా. ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుండే కొండలు, కొండల మీద పాత కోట. గోన గణపారెడ్డి పేరు మీదనే ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెడితే, ఆరుబయట మంచాలు వేసుకుని అమ్మమ్మ చేత కథలు చెప్పించుకునేవాళ్ళం. వాటిలో ఒకటి దొరసాని కథ. నిజానికి కథ కూడా కాదు, నాలుగు మాటలు.

అమ్మమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక తెల్లదొరసాని ఎడ్లబండి మీద వచ్చిందట. వెంట ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ, ఒక మందుల పెట్టె. చింతచెట్టు కింద బండి ఆపితే ఊరి ఆడవాళ్ళంతా మూగారు. ఆవిడ తెల్లచేతుల్ని చూసారు, పొడుగు గౌనుని చూసారు. చివరికి ఒక ముసలమ్మ అడిగేసిందట, "నీ పిల్లలేరి, దొరసానీ?" అని. ఆవిడ వచ్చీరాని తెలుగులో, "గుట్టల మీది బడిలున్నరు" అన్నది. "ఎన్నాళ్ళకొస్తరు?" అంటే, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "తొమ్మిది నెలలకు" అన్నదట. అమ్మమ్మ ఎప్పుడూ అక్కడే ఆగి, "గంతే. మల్ల ఎవ్వరు ఏమడగలే" అనేది.

ఆ దొరసాని పేరేమిటో అమ్మమ్మకి తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ మాట మనసులో ఉండిపోయి, ఇలాంటివాళ్ళెవరు, ఎందుకొచ్చారు, మన మధ్య ఎలా బతికారు అని వీలైనప్పుడల్లా చదువుతూ వచ్చాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

పాలమూరులో మొదట మకాం పెట్టినవారు అమెరికన్ బాప్టిస్టులు. 1885లో ఎల్బర్ట్ చ్యూట్ అనే ఆయన అక్కడ మిషన్ స్థాపించాడు. నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసన్, ఆయన భార్య మరియా వచ్చారు. వీరు ఇంగ్లీషువాళ్ళూ కారు, అమెరికావాళ్ళూ కారు. అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న జర్మను భాష మాట్లాడే రైతు కుటుంబాలవాళ్ళు. మెన్నొనైట్లు అంటారు వీరిని.

ఈ మెన్నొనైట్ల చరిత్ర వింటే ఆశ్చర్యం వేస్తుంది. పదహారో శతాబ్దంలో హాలెండులో మెన్నో సైమన్స్ అనే ఆయన బోధ వల్ల వీరికా పేరు వచ్చింది. పసిపిల్లలకు కాదు, బుద్ధి తెలిసినవాళ్ళకే బాప్తిస్మం ఇవ్వాలంటారు. అంతకన్న ముఖ్యంగా, ఆయుధం పట్టమంటారు. యుద్ధానికి రామనేవాళ్ళని ఏ రాజు ఉండనిస్తాడు? హాలెండు నుంచి ప్రష్యాకు, అక్కడి నుంచి కేథరిన్ రాణి పిలుపు మీద రష్యాకు తరలిపోయారు. 1874లో రష్యా కూడా అందరూ సైన్యంలో చేరాలని చట్టం చేసేసరికి, వేలమంది మూటాముల్లె కట్టుకుని అమెరికా వెళ్ళి కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా బయళ్ళలో గోధుమ పండించుకున్నారు. అంటే మన ఊళ్ళకు వచ్చిన దొరసానుల్లో చాలామంది దొరబిడ్డలు కారన్నమాట. పాలు పితికి, పిండి పిసికి, పొలంలో పనిచేసి పెరిగిన రైతుబిడ్డలు. మన గడప దాటగానే దొరసానులైపోయారు!

అమెరికా చేరిన వీరిలో మెన్నొనైట్ బ్రెదరన్ అనే శాఖవారు 1899లో నికొలాయ్ హీబర్ట్‌నీ, భార్య సుసన్నానీ హైదరాబాదు పంపారు. మలక్‌పేటలో కాపురం పెట్టారు. ఆరోగ్యం నిలవలేదు. 1901లోనే తిరిగి వెళ్ళవలసి వచ్చింది. వారి వెనుక 1902లో పంక్రాట్జ్ దంపతులు, 1904లో డేనియల్ బెర్గ్‌తోల్డ్ కుటుంబం వచ్చారు. బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో మిషన్ కట్టాడు. ఆ తర్వాత దేవరకొండ, షంషాబాద్, వనపర్తి, కల్వకుర్తి. 1937లో బాప్టిస్టులు మహబూబ్‌నగర్ మిషన్‌ని కూడా వీరికే అప్పగించారు.

ఇవన్నీ మగవారి పేర్లతో చెప్పే తేదీలు. ఇక ఇంటి లోపలికి వద్దాం.

ఓడ దిగిన దంపతులకి మొదటి ఏడాది, రెండో ఏడాది పని ఒకటే, తెలుగు నేర్చుకోవడం. మున్షీగారు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. మన ళ, ణ వారి నోట పలకవు. పుస్తకాల తెలుగు వచ్చేదేగాని, బజారులో పాలమూరు యాస వింటే మళ్ళీ మొదటికొచ్చేది. పరీక్ష రాసి నెగ్గితేగాని పూర్తి బాధ్యత ఇచ్చేవారు కారు. భర్త పొద్దంతా మున్షీతో కూర్చుంటే, భార్య పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని, వంటవాడి లెక్క చూస్తూ అదే పాఠం చదవాలి. ఇద్దరికీ పరీక్ష ఒకటే మరి!

బంగళా అంటే ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, దూరంగా వంటిల్లు. నాగర్‌కర్నూలుకు రైలు లేదు. సామాను హైదరాబాదు నుంచి బండ్ల మీద రావాలి. ఏది తెప్పించుకోవాలన్నా నెలల ముందే లెక్క వేసుకోవాలి. నీళ్ళు కాచి వడపోయడం, పురుగు పట్టకుండా పిండి ఎండబెట్టడం, చెదలు రాకుండా బట్టల పెట్టెలు ఎత్తు మీద పెట్టడం. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మతమేదైనా, రంగేదైనా, ఇల్లాలి దినచర్యలో సగం చెదలతోనూ పురుగుతోనూ యుద్ధమే.

తక్కిన సగం ఊరిది. పొద్దున్నే వరండాలో జనం. మలేరియాకు క్వినైను, కళ్ళకలకకు చుక్కలు, గజ్జికి మందు. డాక్టరు చదువు లేకపోయినా చాలామంది మిషనరీ భార్యలు ఈ పని చేసారు. తర్వాత ఆడపిల్లల బోర్డింగు చూడాలి. వారి అన్నం, బట్టలు, జుట్టులో పేలు, కుట్టు పాఠం. చలికాలం వస్తే గుడారాలు కట్టుకుని పల్లెల మీదకి. భర్త మగవాళ్ళతో మాట్లాడతాడు. ఇళ్ళలోకి వెళ్ళవలసింది ఆవిడే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వెంట వచ్చే తెలుగు స్త్రీ, బైబిలు స్త్రీ అనేవారు, ఆవిడ లేకపోతే దొరసాని మాట ఎవరికి అర్థమవుతుంది? పల్లెపల్లెకీ నడిచి చెప్పినది ఎక్కువగా మనవాళ్ళే, తెలుగు బోధకులు, వారి భార్యలు. దొరసాని పేరు అమ్మమ్మకి తెలియదన్నాను. ఆ పక్కనున్న తెలుగు ఆవిడ పేరు అడగాలని నాకూ తోచలేదు చూడండి.

మీలో కొందరు అనుకోవచ్చు, "వాళ్ళు మతం కోసం వచ్చారు కదా" అని. అవును, దాని కోసమే వచ్చారు, దాచుకోలేదు. బంగళాకీ గూడేనికీ మధ్య దూరం ఉండేదనీ, దొరతనం దొరతనమేననీ ఒప్పుకోవలసిందే. కాని ఇంకొకటీ ఒప్పుకోవాలి. ఊరి బడిలో అడుగు పెట్టనివ్వని మాల, మాదిగ పిల్లలకి పలక ఇచ్చింది ఆ బోర్డింగులే. కేథరిన్ షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి, పెళ్ళీపేరంటం లేకుండా 38 ఏళ్ళు ఇక్కడే వైద్యం చేసి, 1945 జనవరి 1న షంషాబాద్‌లోనే కన్నుమూసింది. ఆ కాలంలో మగడాక్టరుకి చెయ్యి చూపించడానికి కూడా ఒప్పుకోని ఘోషా స్త్రీలకి ఆడడాక్టరంటే ఏమిటో మీరే ఊహించుకోండి. తర్వాత 1950ల తొలినాళ్ళలో జడ్చర్లలో మిషన్ ఆస్పత్రి వచ్చింది. మా అమ్మమ్మ నాలుగో కాన్పు కష్టమైతే బండిలో వేసుకుని పరిగెత్తింది అక్కడికే. ఆ నాలుగో కాన్పే మా అమ్మ.

మళ్ళీ పిల్లల దగ్గరికి వద్దాం. ఎండలకీ జ్వరాలకీ తట్టుకోలేరనీ, వారి చదువు చెప్పే బడి ఇక్కడ లేదనీ మిషనరీలు పిల్లల్ని కొండలకి పంపేవారు. కొడైకెనాల్‌లో 1901లో ఇలాంటి పిల్లల కోసమే ఒక బడి పెట్టారు. ఆరేడేళ్ళ పిల్లవాడిని రైలెక్కించి, నెలల తరబడి ఉత్తరాలతో తల్లి బతకాలి. ఆ ఉత్తరాలు కూడా మాస్టారి ఎదుట వ్రాసినవే అయ్యేవి. "నేను బాగున్నాను" అని ఉంటే నమ్మాలో వద్దో తెలియదు.

అలా పెరిగిన పిల్లలు ఇటువైపు మళ్ళీ తొంగిచూడరనుకుంటాం. బెర్గ్‌తోల్డ్ కూతురు వయోలా పసిబిడ్డగా మన దేశం వచ్చింది. నాగర్‌కర్నూలు మట్టిలో ఆడుకుంది. అమెరికా వెళ్ళి చదువుకుని, జాన్ వీబ్ అనే ఆయన్ని పెళ్ళాడి, 1920ల చివర్లో మిషనరీ భార్యగా పాలమూరు ప్రాంతానికే తిరిగి వచ్చింది. ముసలితనంలో ఆవిడ వ్రాసిన జ్ఞాపకాలు 1990లో పుస్తకంగా వెలువడ్డాయి. ఒక ఇల్లాలు తన పేరు తానే వ్రాసుకోకపోతే ఎవరు వ్రాస్తారు?

పాల్ హీబర్ట్ కూడా అంతే. 1932లో షంషాబాద్‌లో మిషనరీ దంపతులకి పుట్టాడు, కొడైకెనాల్‌లో చదివాడు, 1960లో భార్య ఫ్రాన్సిస్‌తో తిరిగి వచ్చాడు. ఆయన మతబోధకుడే కాదు, మనుషుల్ని చదివిన పండితుడు. పాలమూరు ప్రాంతపు ఒక పల్లె జీవితం మీద ఆయన వ్రాసిన 'కొండూరు' అనే గ్రంథం 1971లో అమెరికాలో అచ్చయింది. కులాలు, పండుగలు, తగవులు, పెళ్ళిళ్ళు, ఏదీ వదలలేదు.

ఆయన తన రచనల్లో చెప్పిన ఒక సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఒకసారి ముచ్చింతల అనే ఊళ్ళో మశూచి వచ్చింది. డాక్టర్లు ఆపలేకపోయారు. సోది చెప్పించుకుంటే మైసమ్మకు కోపం వచ్చింది, దున్నపోతు నివ్వాలన్నారు. ఇంటింటికీ చందా. క్రైస్తవులు ఇవ్వమన్నారు. ఊరివారు బావి నీళ్ళు ఆపారు, అంగట్లో సరుకు ఆపారు. అంతలో క్రైస్తవుల పిల్లకే మశూచి పోసింది. సంఘ పెద్ద వచ్చి హీబర్ట్‌ని అడిగాడు, "ప్రార్థన చెయ్యండి, ఊరంతా చూస్తోంది" అని. చిన్నప్పటి నుంచి ప్రార్థన నేర్చుకున్న మనిషి, అది చదువుకుని బోధించిన మనిషి, ఆ రోజు మోకరిల్లితే మనసంతా గందరగోళమైందట. వారం తర్వాత కబురొచ్చింది. పిల్ల చనిపోయింది.

తాను పూర్తిగా ఓడిపోయాననుకున్నాడు హీబర్ట్. కొన్ని వారాలకు ఆ పెద్ద మళ్ళీ వచ్చాడు, ముఖంలో నిబ్బరంతో. పిల్ల బతికి ఉంటే ఊరు మెచ్చుకునేదే, కాని ఏనాటికైనా చావు తప్పదని వాళ్ళకీ తెలుసు, మళ్ళీ కలుసుకుంటామనే ఆశతో మేము పిల్లని సాగనంపిన తీరు చూసి ఊరు ఎక్కువ కదిలింది అన్నాడట. చదువుకున్న దొర ఆ వేళ ఆ పెద్ద దగ్గర పాఠం నేర్చుకున్నాడు.

మా అమ్మమ్మ ముఖం నిండా మశూచి మచ్చలుండేవి. "అమ్మవారు ముద్దు పెట్టుకుంది" అనేది నవ్వుతూ. ఆవిడ చెల్లెలికి ఆ అదృష్టం కూడా లేదు. 1975తో ఆ జబ్బు మన దేశంలో అంతరించింది. టీకా ఇంటింటికీ తిరగడం వల్ల అంతరించింది. అయినా ముచ్చింతల కథ చదివినప్పుడు నాకు కనబడింది దొరా కాదు, మైసమ్మా కాదు. ఆ పిల్ల తల్లి. ఆవిడ ఏమన్నదో ఎవరూ వ్రాయలేదు.

1982లో హీబర్ట్ ఒక వ్యాసం వ్రాసాడు. పాశ్చాత్య చదువు చదివిన మాకు పైన దేవుడున్నాడు, కింద మందులూ సైన్సూ ఉన్నాయి, మధ్య అంతస్తు ఖాళీ అన్నాడు. దిష్టి తగిలిందా, ఈ రోజు ప్రయాణం మంచిదా, నా బిడ్డకే ఎందుకిలా అయింది అని పల్లె ఆడది అడిగే ప్రశ్నలన్నీ ఆ మధ్య అంతస్తులోవే, వాటికి మా దగ్గర జవాబు లేకపోయింది అని ఒప్పుకున్నాడు. డాక్టరు మందు వేస్తూనే చీపురుపుల్లతో దిష్టి తీసే మనకి ఆ మధ్య అంతస్తు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. నేర్పడానికి వచ్చినవాడు నేర్చుకుని వెళ్ళడం నాకు నచ్చింది.

1960లు, 70లు గడిచేసరికి విదేశీ మిషనరీలు తగ్గిపోయారు. సంఘాలు, బడులు, ఆస్పత్రులు ఇక్కడివారి చేతికి వచ్చాయి.

మా ఘణపూర్‌కి కొంత దూరంలో బూదపురంలో, ఇప్పటి భూత్పూర్‌లో, ఒక శాసనముంది. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక భర్త జ్ఞాపకార్థం గుడి కట్టించి, 1276లో వేయించినది. ఏడు వందల ఏళ్ళయినా ఆ ఇల్లాలి పేరు మిగిలింది. నిన్నమొన్నటి దొరసాని పేరూ, ఆవిడ తోడువచ్చిన తెలుగు ఆవిడ పేరూ మిగలలేదు. అందుకే మీకొక మనవి. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ చిన్నప్పుడు ఊరికి వచ్చిన నర్సమ్మ, మంత్రసాని, పంతులమ్మ, ఎవరైనా సరే, పేరడిగి ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి.

పోయిన ఏడాది ఊరికి వెడితే, ఒకింటి అరుగు మీద ఇద్దరు పిల్లలు అవ్వ పక్కన కూర్చుని అన్నం తింటున్నారు. తల్లిదండ్రులు పనికి వలస వెళ్ళారు, పాలమూరులో ఇది తరాలుగా ఉన్నదే. "అమ్మ ఎప్పుడొస్తుందిరా?" అన్నాను. చిన్నవాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను ఇంకేమీ అడగలేదు.